శాలువా సరే, ఆ అమ్మాయి ఏం చేసిందో సభలో ఎవరు చెబుతారు?

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. పదో తరగతి అమ్మాయి ఒకరు కబడ్డీలో రాష్ట్ర స్థాయి దాకా వెళ్లింది. వాలీబాల్‌లో జిల్లా జట్టుకు ఆడింది. 800 మీటర్ల పరుగులో జిల్లాలో మూడో స్థానం. బడికి ఎస్‌.పి.ఎల్‌. (విద్యార్థి నాయకురాలు) కూడా ఆమే. ఊరు వదిలి పనులకు వెళ్లి పండక్కి తిరిగి వచ్చిన కుటుంబాల పిల్లలను మళ్లీ బడికి రప్పించడంలో చాలా తిరిగింది. ఫిబ్రవరిలో వార్షికోత్సవం ఉంది. పూర్వ విద్యార్థులం 20 వేల రూపాయలు పోగుచేశాం. ఘనంగా సన్మానం చేయాలని ఉంది. ఎలా చేస్తే బాగుంటుంది?

సమాధానం:

ముందుగా మీ బృందానికి అభినందనలు. పదో తరగతిలో మార్కులు తెచ్చుకున్నవారికి ఫ్లెక్సీ కట్టే ఊళ్లకు కొదవ లేదు. మట్టి కోర్టులో మోకాళ్లు చెక్కుకుపోయిన పిల్లను గుర్తుపెట్టుకునే పూర్వ విద్యార్థులు మాత్రం అరుదు. నేను పీఈటీగా (వ్యాయామ ఉపాధ్యాయుడిగా) చేరి ఫిజికల్ డైరెక్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ని. ఇటువంటి సభలు ఎన్నో చూశాను, కొన్ని స్వయంగా నడిపాను. అందుకే కాస్త వివరంగా రాస్తాను. ఒకటి రెండు మాటలు కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

ఘనత సంగతి టెంటు హౌసు వాళ్లు, మైకు వాళ్లు చూసుకుంటారు. మీరు పట్టించుకోవలసింది సన్మాన పత్రాన్ని. మన సన్మాన పత్రాలన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ‘క్రీడా కుసుమమా, బహుముఖ ప్రజ్ఞాశాలీ, గ్రామ కీర్తి పతాకమా’ అని మొదలవుతాయి. పేరు మార్చి పక్క ఊరి పిల్లకు చదివినా ఎవరికీ తేడా తెలియదు. అది విన్నాక కూడా ఆ తల్లికి తన కూతురు ఏం సాధించిందో తెలియదు. ముందు వరసలో కూర్చున్న ఏడో తరగతి పిల్లకు తాను ఏం చేస్తే అక్కడ నిలబడగలదో అసలే తెలియదు.

కాబట్టి వార్షికోత్సవానికి కనీసం మూడు వారాల ముందు మీలో ఇద్దరు వెళ్లి పీఈటీ గారి దగ్గర కూర్చోండి. ఆ అమ్మాయి ఆరో తరగతి నుంచి ఏ ఏడాది ఏ పోటీకి వెళ్లిందో, ఎక్కడ ఆడిందో, ఏ స్థానం వచ్చిందో కాగితం మీద పెట్టండి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 1954 నుంచి ఉంది. దాని పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో జరుగుతాయి. మండలం దాటితే జిల్లా, జిల్లా దాటితే రాష్ట్రం, ఆ తరవాత జాతీయ పోటీలు. జిల్లా ఎంపికలకు హాజరవడం, జిల్లా జట్టులో చోటు సంపాదించడం, జిల్లా తరఫున రాష్ట్ర పోటీల్లో ఆడడం, రాష్ట్ర జట్టుకు ఎంపికై జాతీయ పోటీలకు వెళ్లడం: ఇవి నాలుగు వేరు వేరు మెట్లు. ఊళ్లో ఈ నాలుగింటికీ కలిపి ‘స్టేట్ ఆడింది’ అనేస్తారు. మీ ప్రశ్నలో కూడా ‘రాష్ట్ర స్థాయి దాకా’ అనే రాశారు. జిల్లా తరఫున ఆడిందా, రాష్ట్రం తరఫున ఆడిందా అన్నది కచ్చితంగా తేల్చుకోండి. ఇది సభ కోసం మాత్రమే కాదు, ఆమె ఉద్యోగాల దాకా వెళ్లే తేడా. ఆ సంగతి కింద చెబుతాను.

మీరు రాసిన వివరాలతోనే పత్రం ఇలా ఉండవచ్చు. ఖాళీలు మీరు నింపుకోండి:

‘చిరంజీవి ........ మన బడిలో ఆరో తరగతిలో చేరింది. ........ తరగతిలో తొలిసారి మండల కబడ్డీ జట్టుకు ఎంపికైంది. ........ సంవత్సరంలో మన జిల్లా తరఫున ........లో జరిగిన రాష్ట్ర పోటీల్లో ........గా ఆడింది. ........ సంవత్సరంలో వాలీబాల్‌లో జిల్లా జట్టులో నిలిచింది. 800 మీటర్ల పరుగును ........ నిమిషాల్లో పూర్తిచేసి జిల్లాలో మూడో స్థానం పొందింది. బడి విద్యార్థి నాయకురాలిగా, పండగ తరవాత బడికి రాని ........ మంది పిల్లల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి, వారిలో ........ మందిని తిరిగి తరగతి గదికి తీసుకువచ్చింది. ఇందుకు మన బడి పూర్వ విద్యార్థులు ఆమెను గౌరవిస్తున్నారు.’

అంతే. విశేషణం ఒక్కటి లేదు చూడండి. చదవడానికి నిమిషం చాలు. చప్పట్లు ఎక్కడ పడతాయో నేను ఇప్పుడే చెప్పగలను, బడికి తిరిగి వచ్చిన పిల్లల లెక్క దగ్గర.

ఆ లెక్క గురించి మరికొంత చెప్పాలి. ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది అదే. ఆటల్లో గెలుపుకు సర్టిఫికెట్ ఉంటుంది. నాయకత్వానికి ఏ కాగితమూ ఉండదు, కాబట్టి సభలో దాన్ని ఒక్క ముక్కలో దాటేస్తారు: ‘మంచి లీడరు కూడా’ అని. చాలా బడుల్లో ఎస్‌.పి.ఎల్‌. అంటే ప్రార్థనలో ‘సావధాన్, విశ్రాం’ చెప్పడం, మాస్టారు లేనప్పుడు మాట్లాడినవారి పేర్లు బోర్డు మీద రాయడం. అది నాయకత్వం కాదు, కాపలా. మీ అమ్మాయి చేసింది వేరు. తోటిపిల్లల కోసం పెద్దల ఇళ్ల గుమ్మాల ముందు నిలబడి మాట్లాడింది. పదిహేనేళ్ల పిల్ల, సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక, ఇటుక బట్టీకో మిరప కోతకో వెళ్లివచ్చిన కుటుంబాన్ని ఒప్పించడం అంటే తేలిక కాదు. ఉపాధ్యాయులు వెళ్లినా కొన్ని ఇళ్లలో తలుపు తీయరు.

ఈ వివరాలు ఉపాధ్యాయుల దగ్గర పూర్తిగా దొరకవు. మధ్యాహ్న భోజనం వండే అమ్మలను అడగండి, ఆరో తరగతి పిల్లలను అడగండి, తిరిగి వచ్చిన పిల్లల్లో ఒకరిద్దరిని అడగండి. అన్నం వరసలో చిన్నపిల్లలను ముందుకు పంపేది ఎవరో, అమ్మాయిల మరుగుదొడ్లలో నీళ్లు రాకపోతే ప్రధానోపాధ్యాయుల గదికి వెళ్లి చెప్పేది ఎవరో వాళ్లకు తెలుస్తుంది. ఒక జాగ్రత్త: తిరిగి వచ్చిన పిల్లల పేర్లు సభలో చదవవద్దు. వాళ్ల పేదరికాన్ని మైకులో చెప్పుకోవలసిన పని లేదు. లెక్క చెబితే చాలు.

ఇక ఆటల సంగతి. మూడు ఆటలు ఆడే పిల్లను చూడగానే పెద్దలకు ఒక ఉత్సాహం పుడుతుంది. వేదిక మీద ముఖ్య అతిథి భుజం తట్టి, ‘అమ్మా, ఇక ఒకే ఆట పట్టుకో, ఒలింపిక్స్‌కు వెళ్లు’ అంటారు. ఆ మాట అనకుండా చూడండి. కుదిరితే అతిథికి ముందే చెప్పండి. పైగా ఆమె ఆటల్లో కబడ్డీ, ఇప్పటికైతే, ఒలింపిక్స్‌లో లేదు. ఆసియా క్రీడల్లో పురుషులకు 1990 నుంచి, మహిళలకు 2010 నుంచి ఉంది.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో ఇచ్చిన నివేదిక చాలా ఆటలకు 15, 16 ఏళ్ల దాకా ఒకే ఆటకు కట్టుబడవద్దనే చెప్పింది. వారంలో కనీసం ఒకటి రెండు రోజులు ఆటకు విశ్రాంతి ఇవ్వాలని కూడా చెప్పింది. ఒకే కదలిక ఏళ్ల తరబడి చేస్తే అవే కీళ్లు అరుగుతాయి, మనసు కూడా విసిగిపోతుంది. మైదానంలో నిలబడినవారికి ఇది కొత్త సంగతి కాదు. కబడ్డీలో కూతకు వెళ్లే రైడరు పక్కకు తప్పుకునే అడుగు వాలీబాల్‌లో బంతి కిందికి చేరడానికి పనికివస్తుంది. వాలీబాల్‌లో ఎగరడం వల్ల వచ్చే తొడల బలం పరుగు చివరి 100 మీటర్లలో తెలుస్తుంది. 800 మీటర్ల పరుగు ఇచ్చే ఊపిరితో రైడులో కూత తెగకుండా ఉంటుంది. ధోనీ రాంచీ బడిలో ఫుట్‌బాల్ గోల్‌కీపరు. ఆ చేతులను చూసే అతణ్ని క్రికెట్‌లో వికెట్ల వెనక నిలబెట్టారు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ కూడా ముందు పరుగు పందేల పిల్లే, తరవాత బాక్సింగ్‌లోకి వచ్చింది. 2022లో, 2023లో ప్రపంచ విజేత అయింది. కాబట్టి ఆ అమ్మాయి ఏ ఆటలో స్థిరపడాలన్నది ఇంటర్లో ఆమె, ఆమె కోచ్ తేల్చుకుంటారు. వార్షికోత్సవ వేదిక అందుకు చోటు కాదు.

మూడు ఆటల పిల్లకు నిజంగా ఉన్న ప్రమాదం వేరు. ముగ్గురు పెద్దలు ఒకే పిల్లను మూడు వైపులా లాగుతారు. కబడ్డీ ఎంపికల మర్నాడే వాలీబాల్, ఆ వారాంతంలోనే అథ్లెటిక్స్. ఎక్కడికక్కడ ‘నువ్వు రాకపోతే జట్టు ఓడిపోతుంది’ అంటారు. ఆ పిల్ల కాదనలేదు, నాయకురాలు కదా. మోకాలి లిగమెంటు తెగే ప్రమాదం అబ్బాయిలకంటే అమ్మాయిల్లో ఎక్కువ. అది తెగితే ఏడాది పోతుంది, పేదింట్లో ఒక్కోసారి ఆటే పోతుంది. ఆమె ఒక సీజన్‌లో ఎన్ని మీట్‌లకు వెళ్లిందో లెక్క తీసినప్పుడు పీఈటీ గారితో ఈ మాట కూడా ఎత్తండి. తప్పుపట్టినట్లు కాకుండా, మామూలుగా.

డబ్బు విషయం. 20 వేలు చిన్న మొత్తమేమీ కాదు. శాలువా, జ్ఞాపిక, ఫ్లెక్సీ, బొకేలకు రెండు వేలు దాటనివ్వకండి. నా మాట వింటే ఫ్లెక్సీ అసలే వద్దు. అందులో ఆమె ఫొటోకంటే దాతల ఫొటోలే ఎక్కువ ఉంటాయి. గాజు పెట్టెలో పెట్టే పెద్ద జ్ఞాపిక కూడా వద్దు, ఒక్క గది ఇంట్లో దాన్ని ఎక్కడ పెడతారు? సన్మాన పత్రాన్నే చక్కగా అచ్చువేయించి చట్రం కట్టించి ఇవ్వండి.

మిగిలిన దానిలో కొంత బూట్లకు. పెద్ద పోటీల్లో కబడ్డీ ఇప్పుడు మ్యాట్ మీదే. మట్టి మీద వట్టికాళ్లతో నేర్చుకున్న పిల్ల మ్యాట్ మీదకు వెళ్లగానే జారుతుంది లేదా అడుగు పట్టేసి మోకాలు మెలిపడుతుంది. మ్యాట్ మీద ఆడే బూట్లు వేరు, ట్రాక్ మీద వేసుకునే స్పైక్స్ వేరు. రెండూ కొనండి, కానీ ఆశ్చర్యపరుద్దామని రహస్యంగా కొనవద్దు. ఆమెను దుకాణానికి తీసుకువెళ్లి తొడిగించి కొనాలి, తల్లినో అక్కనో తోడు పిలవండి. వాలీబాల్‌కు మోకాలి ప్యాడ్లు కూడా తీసుకోండి. మరికొంత సొమ్ము వచ్చే ఏడాది ఎంపికలకు వెళ్లివచ్చే బస్సు చార్జీలకు, దారిలో తిండికి పక్కన పెట్టండి. ఎంపికల ఉదయం టీ, బిస్కెట్‌తో కోర్టులోకి దిగే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

ఒక రక్త పరీక్ష కూడా చేయించండి. నవ్వకండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. 800 మీటర్ల పరుగులో రెండో రౌండులో కాళ్లు బరువెక్కే పిల్లను ‘స్టామినా లేదు’ అని తిడతాం, ఆమెకు లేనిది హిమోగ్లోబిన్. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేస్తారు. బడిలో వారానికి ఒకటి ఇచ్చే ఐరన్ మాత్రలను పిల్లలు కిటికీలోంచి పారేస్తుంటారు, ఆ సంగతి కూడా అడగండి. కబడ్డీలో వయసు విభాగాలకు బరువు పరిమితి ఉంటుంది. తూకానికి ముందు రెండు రోజులు తిండి మానేసే అలవాటు ఆమెకు ఉందేమో అడగవలసింది మీరు కాదు, ఒక మహిళా ఉపాధ్యాయురాలు.

ఇంకా మిగిలిన మొత్తాన్ని ఆమె పేరుతో పోస్టాఫీసు ఖాతాలో వేయండి. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరుతోనే పొదుపు ఖాతా తెరవవచ్చు. మూరెడు చెక్కు బొమ్మ పట్టుకుని ఫొటో దిగడం వద్దు. ఎంత ఇచ్చారో ఊరంతటికీ తెలిస్తే అప్పులవాళ్లకూ తెలుస్తుంది.

ఇప్పుడు సర్టిఫికెట్ల సంగతి. మీరు ఆమెకు చేయగల పెద్ద సాయం ఇదేనని నా నమ్మకం, దీనికి రూపాయి ఖర్చు లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల నియామకాలకు 1980 ఆగస్టు 4 నాటి ఉత్తర్వు నుంచి కొన్ని నిర్దిష్ట ఫారాలు ఉన్నాయి. పాఠశాల క్రీడలకు సంబంధించింది ఫారం-4. రాష్ట్రం తరఫున జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడినవారికే అది వర్తిస్తుంది. రాష్ట్ర విద్యాశాఖలో పాఠశాల క్రీడల బాధ్యత చూసే అధికారి సంతకం దానిపై ఉండాలి. జిల్లా తరఫున రాష్ట్ర పోటీల్లో ఆడిన కాగితం దానికి సరిపోదు. పైన ఆ తేడా తేల్చుకోమన్నది ఇందుకే. రాష్ట్ర ఉద్యోగాల్లో తెలంగాణలో 2 శాతం క్రీడా కోటా ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని 2 నుంచి 3 శాతానికి పెంచారు. అర్హత నిబంధనలు నియామకాన్ని బట్టి ఉంటాయి, నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూసుకోవాలి. ఇంతకంటే దగ్గరలో ఉన్నది పదో తరగతి తరవాత ట్రిపుల్ ఐటీ ప్రవేశాలు. అక్కడ కూడా క్రీడా కోటా ఉంది, సర్టిఫికెట్లను ప్రత్యేకంగా పరిశీలిస్తారు.

ఆ పరిశీలనలో పిల్లలు దెబ్బతినేది ఆట తక్కువై కాదు, అక్షరం తేడా వచ్చి. మీట్‌లో సర్టిఫికెట్లు రాసేవారు రాత్రి పూట హడావిడిగా రాస్తారు. ఇంటిపేరు ఒకదానిలో పూర్తిగా, ఇంకొకదానిలో పొడి అక్షరంగా ఉంటుంది. పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారవుతాయి. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, తేదీలతో ప్రతి సర్టిఫికెట్టూ సరిపోవాలి. పరీక్షలకు ముందే మీలో ఒకరు అన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. తప్పు ఉంటే ఆ పోటీ నడిపిన కార్యదర్శి ఆ పదవిలో ఉండగానే దిద్దించుకోవాలి, నాలుగేళ్లు పోయాక ఎవరూ బాధ్యత తీసుకోరు. దిద్దించాక అన్నిటినీ స్కాన్ చేయించి, ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి మీ సంఘం దగ్గర ఉంచండి. వాన నీరు కారే ఇంట్లో ట్రంకు పెట్టెను నమ్ముకోలేం.

సభ నడపడం గురించి ఎక్కువ చెప్పను. సన్మానం మొదట్లోనే పెట్టండి, జ్యోతి ప్రజ్వలన అయిన వెంటనే. ఆఖరున పెడితే ఉపన్యాసాలన్నీ అయ్యేసరికి చిన్నపిల్లలు నిద్రపోతారు, ఆ అమ్మాయి పట్టుపావడాలో గంటల తరబడి వేదిక పక్కన నిలబడాలి. ప్రజాప్రతినిధి వస్తే ప్రోటోకాల్ తప్పదు, శాలువా ఆయనతోనే కప్పించండి. సన్మాన పత్రం మాత్రం ఆమె జట్టులోని జూనియర్ చేత చదివించండి. కబడ్డీలో కోర్టులో ఏడుగురు, జట్టులో పన్నెండుమంది. ఆ పన్నెండుమందినీ పేరుపేరునా వేదిక మీదకు పిలవండి. ఒక్కరినే పైకెత్తితే మర్నాటి ప్రాక్టీసులో ఆమెకే ఇబ్బంది. తల్లిదండ్రులకు కుర్చీలు వేదిక మీద వేయండి, కింద కాదు. వాళ్లు కూలికి వెళ్లేవారైతే సభ సాయంత్రం పెట్టండి, ఒక రోజు కూలి పోగొట్టుకుని కూతురి సన్మానానికి రావలసిన అవసరం ఉండదు.

పీఈటీ గారిని మరిచిపోవద్దు. జ్యోతి యర్రాజీ 2023లో ఆసియా హర్డిల్స్ విజేత అయింది, కానీ ఆమె పొడవు హర్డిల్స్‌కు పనికివస్తుందని మొదట కనిపెట్టింది విశాఖపట్నంలో ఆమె చదివిన బడి వ్యాయామ ఉపాధ్యాయుడే. విజేత పేరు అందరికీ తెలుసు, ఆ మాస్టారి పేరు ఎంతమందికి తెలుసు? (ఇందులో నా వర్గాభిమానం కొంత ఉంది, ఒప్పుకుంటాను.)

వేదిక మీద ఎవరినీ కొత్త వాగ్దానాలు చేయనివ్వకండి. ‘అమ్మాయి చదువు బాధ్యత నాది’ అని ఆవేశంలో అనేస్తారు, చప్పట్లు కొడతారు, జూన్‌లో ఫోను ఎత్తరు. ఇవ్వదలచుకున్నవారు మీ సంఘం పుస్తకంలో రాసి ఇస్తారు. ఆమె మైనరు కాబట్టి ఫొటోలు బయట పెట్టేముందు తల్లిదండ్రులను అడగండి. ఊరు, ఫోను నంబరు, ఇంటి వివరాలు ఎక్కడా పెట్టవద్దు.

తేదీ గురించి ఒక మాట. ఫిబ్రవరి అంటే పబ్లిక్ పరీక్షలు నెత్తిమీద ఉన్నట్లే. ఆటల సీజన్‌లో ఆమె పోగొట్టుకున్న పాఠాలు ఉంటాయి, ముఖ్యంగా గణితం, భౌతికశాస్త్రం. మీ పూర్వ విద్యార్థుల్లో ఉపాధ్యాయులో ఇంజినీర్లో ఉంటారు కదా. రోజుకు గంట చొప్పున పరీక్షల దాకా ఆమెతో, ఆమె జట్టులోని పదో తరగతి పిల్లలతో కూర్చునేవారు ఇద్దరు దొరికితే, నేనైతే ఆ సంగతిని సన్మాన పత్రం కిందనే రాయిస్తాను. ఇంటర్లో ఏ కాలేజీ అన్నది కూడా ఇప్పుడే ఆలోచించాలి. మైదానం లేని నాలుగంతస్తుల కాలేజీలో చేరితే అండర్-19 ఆటలు పేపర్లో చదువుకోవడమే. చేర్చే ముందు మైదానం ఉందా, ఫిజికల్ డైరెక్టరు ఉన్నారా, పోటీలకు వెళ్లిన రోజుల హాజరు ఇస్తారా అని మూడూ అడగండి.

వచ్చే ఏడాది ఆమె ఏ విభాగంలో ఆడగలదో పుట్టిన తేదీని బట్టి ఉంటుంది. పదో తరగతి అయినంత మాత్రాన అండర్-17 అయిపోయినట్లు కాదు. చాలామంది పిల్లలకు ఇంటర్ మొదటి ఏడాదిలో ఇంకా అవకాశం ఉంటుంది, ఎవరూ చెప్పక వదులుకుంటారు. ఆమె పేరు వద్దు, పుట్టిన సంవత్సరం, నెల, కబడ్డీలో రైడరా డిఫెండరా అన్నది రాయండి. ఏ ఎంపికలకు సిద్ధం కావాలో, ఈ రెండు నెలలు పరీక్షల మధ్య ఎంత సాధన చాలో వివరంగా చెబుతాను.